రమణమ్మ పెట్టిన పథ్యం

రమణమ్మకు తెలిసిన రోగాలన్నిటికీ పథ్యం ఉంది. కామెర్లొస్తే నూనె ముట్టకూడదు. ఆటలమ్మ పోస్తే ఇంట్లో తాలింపు పెట్టకూడదు. షుగరున్న భర్త శేషాద్రికి పన్నెండేళ్ళుగా పూటకు రెండు గరిటెలకు మించి అన్నం వడ్డించలేదామె. ఆయన బతిమాలినా, అలిగినా మూడో గరిటె పడేది కాదు. ఆ పట్టుదల వల్లే ఆయన ఈ రోజుకీ ప్రొద్దుటూరులో తమ బట్టల దుకాణంలో పొద్దుణ్ణించి సాయంత్రం దాకా నిలబడి చీరలు పరచగలుగుతున్నాడని ఇంటిల్లిపాదికీ నమ్మకం. అందుకే, తిరుపతిలో నరాల డాక్టరు కోడలి జబ్బు పేరు చెప్పి, మందులు రాసి, చివర్లో "తిండికి ప్రత్యేకంగా నియమాలేమీ లేవమ్మా, అన్నీ సమంగా తినమనండి" అన్నప్పుడు రమణమ్మ ఆయన వంక అపనమ్మకంగా చూసింది. పథ్యం లేని జబ్బు ఎక్కడైనా ఉంటుందా?

కోడలు వాసవి ఊళ్ళోనే ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. ముప్పై రెండేళ్ళ మనిషి. రెండో తరగతి చదివే కూతురు సాయిశ్రీ ఉంది. మాఘమాసంలో ఒకరోజు బోర్డు మీద తాను రాసిన అంకెలే ఆమె కుడికంటికి పొగలో ఉన్నట్టు కనిపించాయి. నిద్ర చాలలేదనుకుంది. వారం తిరక్కుండానే పాదాలకు స్పర్శ తగ్గింది. ఆ రోజు స్కూలు నుంచి ఒక కాలికే చెప్పుతో ఇల్లు చేరింది. రెండో చెప్పు దారిలో ఎక్కడ జారిపోయిందో ఆమెకు తెలియనే లేదు. గడపలో నిలబడ్డ కోడలి కాళ్ళు చూసి రమణమ్మ మొదట పకపకా నవ్వింది. ముఖం చూశాక నవ్వు ఆగిపోయింది.

కొడుకు వెంకటసాయి భార్యను తిరుపతి తీసుకుపోయాడు. తలకూ వెన్నుకూ ఎం.ఆర్.ఐ. తీశారు, వెన్నులోంచి నీరు తీసి పరీక్షించారు. మల్టిపుల్ స్క్లెరోసిస్ అన్నారు. "కరెంటు వైరుకు పైన ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది చూడండి, నరాలకూ అలాంటి పొర ఉంటుంది. రోగాల మీద పోట్లాడాల్సిన శక్తి పొరపాటుపడి ఆ పొరనే కొరుకుతోంది. పూర్తిగా పోయే జబ్బు కాదు. అదుపులో పెట్టుకోవచ్చు" అని డాక్టరు నిదానంగా చెప్పాడు. ఐదు రోజులు స్టెరాయిడ్ ఎక్కిస్తే చూపు చాలావరకు తిరిగొచ్చింది. ఆ పైన ఆరు నెలలకొకసారి వచ్చి సెలైన్‌లో మందు ఎక్కించుకుని పోవాలన్నారు.

తిరిగొచ్చేటప్పుడు కారు అద్దానికి తల ఆనించి కళ్ళు మూసుకున్న కోడలి చెయ్యి రమణమ్మ తన ఒళ్ళోకి తీసుకుంది.

"మందు డాక్టరు చూసుకుంటాడు. పథ్యం ఇంట్లోవాళ్ళు చూసుకోవల్ల. నువ్వేం దిగులు పడాకు మే, నేనుండాను కదా" అంది.

ఆ మాట ఆమె ఊరికే అనలేదు. నంద్యాలలో ఉన్న చెల్లెలు ఫోనుకు ఒక వీడియో పంపింది. అందులో సూటు తొడుక్కున్న మనిషెవరో నరాల జబ్బులన్నిటికీ గోధుమలే మూలమన్నాడు. మర్నాటి నుంచి వాసవికి చపాతీలు, ఉప్మా ఆగిపోయాయి. ఇంకో వీడియోలో ఇంకొకాయన పాలు, పెరుగు విషంతో సమానమన్నాడు. పెరుగు దగ్గర మాత్రం రమణమ్మ రెండు రోజులు వెనకాడింది. పెరుగన్నం కలుపుకోకపోతే వాసవికి భోజనం ముగిసినట్టే ఉండదని ఆమెకు తెలుసు.

"మూడు నెల్లు చూద్దాం మే. నీతోపాటు నేను గూడా మానేస్తా" అని చెప్పింది. అన్నట్టే మానేసింది. ఊహ తెలిసినప్పటి నుంచీ పెరుగు లేకుండా చెయ్యి కడగని మనిషి, కోడలి పక్కనే కూర్చుని కొర్రన్నం, ఉడికించిన సొరకాయ తిని లేచేది.

ఆ ఏడు ఎండలు ముందే ముదిరాయి. మధ్యాహ్నం రెండయ్యేసరికి వాసవి కాళ్ళు బరువెక్కేవి, కుడికంటి చూపు మళ్ళీ మసకబారేది. సాయంత్రం చల్లబడ్డాక కాస్త తేరుకునేది. రమణమ్మ ఆ పూట ఏం పెట్టిందో గుర్తు చేసుకునేది. టమోటా పప్పు చేసిన రోజు కాళ్ళు లాగితే టమోటా బంద్. ఊరిబిండి పచ్చడి నంజుకున్న రోజు చూపు తగ్గితే, అందులో వేసిన చెనిక్కాయలు, అంటే వేరుశనగలు బంద్. వంకాయ పోయింది, చింతపండు పోయింది, కందిపప్పు మీద కూడా అనుమానం వచ్చింది. ఒక్కొక్కటీ తీసేసిన కొద్దీ, ఇంకేదో మిగిలిపోయింది, దాన్ని కూడా పట్టుకుంటే పిల్ల లేచి తిరుగుతుందన్న ఆశ ఆమెలో పెరుగుతూ వచ్చింది.

"ఇంగ ఏం మిగిలింది ఆ పిల్ల తినేదానికి?" అని శేషాద్రి ఒకసారి గొణిగాడు.

"మీరు కాళ్ళూ కండ్లూ బాగుండి తిరుగుతాండారంటే ఎవురి పథ్యం వల్ల?" అంది రమణమ్మ.

వెంకటసాయికి భార్య జబ్బు చూస్తే భయం. ఇంటర్నెట్‌లో దాని గురించి చదవడం మొదలుపెట్టి రెండో పేజీకే ఫోను పక్కన పడేసేవాడు. తిండి సంగతి అమ్మ చూసుకుంటోందన్న నిశ్చింతతో దుకాణానికి వెళ్ళిపోయేవాడు. వాసవి కూడా ఎదురు చెప్పలేదు. ఎదురు చెప్పడానికీ ఒంట్లో ఓపిక ఉండాలి. పెట్టింది తిని గోడ పట్టుకుని మంచం దాకా నడిచి పడుకునేది. ఆ మౌనం చూసి, పిల్ల తన మాట మీద నమ్మకం పెట్టుకుందని రమణమ్మ మురిసిపోయింది.

జ్యేష్ఠమాసంలో ఒక మధ్యాహ్నం సాయిశ్రీ పెరుగన్నం సగం తిని ఆటకు పరిగెత్తింది. రమణమ్మ పెరట్లో బట్టలు తీసి లోపలికొచ్చేసరికి, వంటగదిలో వాసవి ఒక చేత్తో గూటి పలక పట్టుకుని నిలబడి, రెండో చేత్తో బిడ్డ కంచంలో మిగిలిన మెతుకులు గబగబా నోట్లో పెట్టుకుంటోంది. పెదవుల చుట్టూ పెరుగు అంటుకుని ఉంది.

"వాసవీ!"

వాసవి ఉలిక్కిపడింది. రమణమ్మ ముందుకొచ్చి కంచం లాక్కుంది. ఆమెకు కోపం రాలేదు, భయం వేసింది. ఆ నాలుగు మెతుకులు ఏ నరాన్ని కొరుకుతాయో! వాసవి చెయ్యి కడుక్కుని, పమిటతో మూతి తుడుచుకుని, గోడ పట్టుకుంటూ గదిలోకి వెళ్ళిపోయింది. ఆ సంగతి అత్త గానీ కోడలు గానీ ఎవరికీ చెప్పలేదు.

శ్రావణ శనివారం గండి ఆంజనేయస్వామి దర్శనానికి వెళ్ళారు. జనం కిటకిటలాడుతుంటే వాసవి వరసలో పది నిమిషాలు కూడా నిలబడలేకపోయింది. వెంకటసాయి ఆమెను నీడలో కూర్చోబెట్టి, తల్లితో పోయి దండం పెట్టుకొచ్చాడు. తిరుగుదారిలో పులివెందులలో బంధువుల ఇంట్లో ఆగితే ఆ ఇంటావిడ ఒక మాట చెప్పింది. "వేములలో తిరుపాలమ్మ అని ఉండాదక్కా. చీనీతోటలుండే రైతుల ఇల్లు. ఆయమ్మకు గూడా ఇదే జబ్బంట, పదకొండేండ్ల నుంచి. కట్టె పట్టుకోని సుబ్బరంగా తిరుగుతాంది."

రమణమ్మ కాఫీ గ్లాసు కింద పెట్టేసి లేచింది. "సాయీ, కారు తియ్."

తిరుపాలమ్మ బత్తాయి తోట అంచున, తన ఇంటి ముందు వేపచెట్టు నీడలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తోంది. యాభై దాటిన మనిషి. మెడ చుట్టూ తడి టవలు, కుర్చీకి ఆనించిన చేతికర్ర. వచ్చినవాళ్ళు ఎవరో, ఎందుకొచ్చారో వినగానే వాసవి చెయ్యి పట్టుకుని పక్క కుర్చీలో కూర్చోబెట్టుకుంది.

"నువ్వు ఏం పథ్యం చేస్తాండావక్కా?" రమణమ్మ నిలబడే అడిగింది.

"పథ్యమా? నాకేం పథ్యం? పొద్దున రాగిసంగటి, ఊరిబిండి. మధ్యాన్నం పప్పు, ఏదో ఒక ఆకు. మా ఇంటాయన జమ్మలమడుగు పోయినప్పుడంతా మైలవరం డ్యాము చేపలు తెస్తాడు, పులుసు పెట్టుకోని తింటాం. చీనీకాయలు మన తోటలోటివే. మందు మాత్రం ఒక్కనాడు గూడా తప్పనియ్యను." ఆమె వాసవి వైపు తిరిగింది. "ఈ తడి టవలు జూసినావా పాపా? ఎండకాలం ఇది లేకుంటే నేను మనిషినే కాదు. ఎండ తగిలితే మన నరాలు చెప్పిన మాట ఇనవు. చల్లబడితే మళ్ళా ఇంటాయి."

వాసవి ముందుకు వంగింది. "నాకూ అంతే. మధ్యాన్నం అయితే చాలు..."

"బయటికి పోవల్లంటే నీళ్ళు తాగేది మానేస్తాండావు గదా? బాత్రూం తొందర. నాకు తెలీదా? అట్ల మానితే ఇంగా అగసాట్లు. ఇంట్లో ఉన్నెప్పుడు కొంచెం కొంచెం తాగతా ఉండు." తిరుపాలమ్మ గొంతు తగ్గించింది. "ఒకతూరి మా చెల్లెలు కూతురు పెండ్లిలో తూలి పడితి. మగపెండ్లివాళ్ళు నేను తాగినాననుకున్నారు. రెండేండ్ల దాకా ఆ ఇంట్లో నాకు తాగుబోతు పెద్దమ్మ అనే పేరు!"

వాసవి నవ్వింది. ఆర్నెల్ల తర్వాత ఆమె మనసారా నవ్వడం అదే. వాళ్ళిద్దరూ ఏవేవో చెప్పుకుంటూనే ఉన్నారు. రమణమ్మ చెవికి అవేమీ ఎక్కలేదు. ఆమె తలలో ఒకటే మాట తిరుగుతోంది. సంగటి మన ఇంట్లోనూ ఉంది, ఆకుకూరా ఉంది. ఈమె తినేదీ, మన ఇంట్లోకి ఎన్నడూ రానిదీ ఒక్కటే. చేప.

మూడు తరాలుగా రమణమ్మ ఇంట్లోకి కోడిగుడ్డు రాలేదు. వీధిలో ఎవరైనా చేపలు కడిగిన నీళ్ళు పారబోస్తే రమణమ్మ ఇంకో సందులోంచి తిరిగి పోయేది. మందుల షాపతను చేపనూనె మాత్రలుంటాయన్నాడు గానీ, మాత్రతో సరిపోయేదైతే దాన్ని పథ్యమని ఎందుకంటారని ఆమె ఒప్పుకోలేదు. నాలుగు రోజులు తనలో తనే కొట్టుకుంది. ఐదో రోజు అమ్మవారిశాలకు వెళ్ళి, కన్యకాపరమేశ్వరి ముందు చాలాసేపు నిలబడి, "పాపం వస్తే నా లెక్కలో ఎయ్యి తల్లీ, బిడ్డ లెక్కలో ఎయ్యాకు" అని వేడుకుంది. ఇంటికొచ్చి జైబున్నీసాకు ఫోను చేసింది.

జైబున్నీసా ఇరవై ఏళ్ళు వాళ్ళ దుకాణానికి జాకెట్లు కుట్టిన మనిషి. ఇప్పుడు జమ్మలమడుగులో కూతురి దగ్గర ఉంటోంది.

"చేప వండి పెట్టల్ల జైబూ."

"ఎవురికక్కా?"

"మా వాసవికి."

జైబున్నీసా, "సరే అక్కా. శుక్కురారం వద్దు, శనివారం రండి" అంది. మరుక్షణమే నాలుక కరుచుకుని, "శనివారం మీకు పనికిరాదు గదా, సోమవారం రండి" అని దిద్దుకుంది.

జైబున్నీసాను చూసొద్దామని మాత్రమే వాసవికి చెప్పింది రమణమ్మ. ఆ ఇంటి గడప దాటగానే పులుసు వాసన గుప్పుమంది. రమణమ్మ కొంగు ముక్కు దాకా పోయి ఆగింది. పిల్ల చేత తినిపించాలని తీసుకొచ్చి తానే ముక్కు మూసుకుంటే ఎట్లా? కొంగు దించేసి చాప మీద కూర్చుంది. జైబున్నీసా అన్నం పెట్టి, పక్కన చేప ముక్కలు పెట్టి, కంచం వాసవి ముందుకు జరిపింది.

"ఇదేంది?"

"మైలవరం చేపమ్మా. ముళ్ళన్నీ తీసేసినా" అంది జైబున్నీసా మెల్లగా.

వాసవి అత్త వైపు తిరిగింది. "నువ్వేనా అత్తా?"

"తిను మే. అమ్మవారికి చెప్పుకున్నా. నీకేం అంటదు. వేముల ఆయమ్మ ఇది తినే కదా..."

వాసవి కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. కంచాన్ని తోసెయ్యలేదు, అరవలేదు. పక్కన పెట్టిన నీళ్ళగ్లాసును పట్టుకుని, ఒక్కొక్క మాటా కూడదీసుకుంటున్నట్టు మాట్లాడింది.

"నీకు నా మీద ఎంత ప్రేమ ఉండాదో నాకు తెలుసత్తా. నువ్వు ఈడ దాకా రావడం ఎంత కష్టమో గూడా తెలుసు. కానీ ఈ ఆర్నెల్లలో నీకేం తినాలనుందని ఒక్కరన్నా నన్ను అడిగినారా? గోధుమ తీసేస్తిరి, పెరుగు తీసేస్తిరి, చెనిక్కాయ తీసేస్తిరి. ఇప్పుడు చేప పెడతాండారు. జబ్బు నాకు గదా వచ్చింది."

"నీ మంచికే గదా మే..."

"నాకు ఆకలి అత్తా. శానా ఆకలి. లేస్తే ఆకలి, తిన్నంక ఆకలి. ఆ పొద్దు పాప కంచం నువ్వు లాక్కున్నెప్పుడు..."

జైబున్నీసా వంగి కంచం తీసేసింది. లోపలికి వెళ్ళి ఇంకో కంచంలో వేడన్నం, స్టీలు గిన్నె నిండా పెరుగు తెచ్చి పెట్టింది. "గిన్నె కొత్తదక్కా, మొన్న సంతలో కొన్నెది. దీంట్లో ఏమీ వండల్యా" అంది రమణమ్మతో.

వాసవి పెరుగన్నం కలుపుకుంది. ఒకసారి తిని, మళ్ళీ పెట్టించుకుని తిని, గిన్నె అంచున అంటిన పెరుగు కూడా వేలితో తీసుకుంది. ఆమె చెయ్యి నోటి దాకా లేచినప్పుడల్లా గాజులు మోచేతి దాకా జారిపోవడం రమణమ్మ చూసింది. పెళ్ళిలో సబ్బు రాసి తోస్తే గానీ ఎక్కని గాజులవి. మెడ కింద ఎముకలు చిప్పల్లా లేచి ఉన్నాయి. ఆర్నెల్లుగా తన కళ్ళెప్పుడూ గిన్నెల మీదే ఉన్నాయి. ఈ మెడ, ఈ మణికట్లు ఎప్పుడు ఇట్లా అయిపోయాయి?

ఇంటికి వచ్చాక రమణమ్మ సాయంత్రమంతా కోడలి కాళ్ళ వంకే చూస్తూ కూర్చుంది. పెరుగు తిన్న ఆ సాయంత్రం ఏమీ కాలేదు.

పది రోజులకు మందు ఎక్కించుకోవడానికి తిరుపతి వెళ్ళారు. నర్సు వాసవిని బరువు చూసే మిషను మీద నిలబెట్టి, పాత కాగితం చూసి, మళ్ళీ ఒకసారి నిలబెట్టింది. తొమ్మిది కిలోలు తగ్గింది. డాక్టరు రక్తపరీక్షలు చేయించి, ఆ రిపోర్టులతో వాళ్ళను ఆహార నిపుణురాలి గదికి పంపాడు. ఆ అమ్మాయి పేరు జాహ్నవి. వయసు ముప్పై కూడా ఉండదు.

"రోజూ ఏమేం తింటున్నారు?"

"పొద్దున కొర్ర జావ..." రమణమ్మ మొదలుపెట్టింది.

"ఆమె చెప్తుందమ్మా."

వాసవి చెప్పింది. చెబుతూ చెబుతూ మానేసిన వాటి దగ్గరికి వచ్చేసరికి ఆగి, అత్త వైపు చూసింది. మిగతాది రమణమ్మే చెప్పింది. ఏదీ దాచలేదు. టమోటా ఏ రోజు తీసేసిందీ, ఎందుకు తీసేసిందీ, పాప కంచం లాక్కున్నదీ, జమ్మలమడుగు వెళ్ళిందీ అంతా చెప్పింది. చెప్పడం అయ్యాక చీర చెంగు వేలికి చుట్టుకుంటూ తిట్ల కోసం ఎదురుచూసింది.

జాహ్నవి తిట్టలేదు. "మధ్యాహ్నం కాళ్ళు బరువెక్కడం తిండి వల్ల కాదమ్మా. ఒంటికి వేడి తగిలితే ఈ జబ్బున్న వాళ్ళలో చాలామందికి అట్లా అవుతుంది. ఫలానాది తింటే ఈ జబ్బు పోతుందని గానీ, ఫలానాది తింటే వస్తుందని గానీ ఇంతవరకూ ఎవరూ రుజువు చెయ్యలేదు. కానీ తిండి చాలకపోతే కండ కరిగిపోతుంది. రక్తంలో బీ-ట్వెల్వ్ బాగా తగ్గింది, ఇనుమూ తగ్గింది. ఆ నీరసమంతా జబ్బు ముదిరినట్టు కనిపిస్తుంది" అంది. పప్పు, పెరుగు, చెనిక్కాయలు, రాగులు, ఆకుకూరలు మళ్ళీ మొదలుపెట్టమంది. అవిసె గింజలు వేయించి పొడి చేసుకోమంది. వేపుళ్ళు, మిఠాయిలు ఎవరికైనా తక్కువే మంచిదంది. బీ-ట్వెల్వ్‌కూ, డి-విటమిన్‌కూ డాక్టరు చెప్పినట్టు మందులు వాడాలంది. నీళ్ళు ఎప్పుడెప్పుడు ఎంత తాగితే బాత్రూం ఇబ్బంది తగ్గుతుందో వాసవితో విడిగా చాలాసేపు మాట్లాడింది.

"మరి చేప?" రమణమ్మ అడిగింది.

"అలవాటున్న వాళ్ళు తింటే మంచిదే. తినకపోతే జబ్బు పెరగదు."

రమణమ్మ తల దించుకుంది. "అట్లయితే నేను చేసేది ఏముంది ఇంగ?"

దానికి జవాబు వాసవి చెప్పింది. "వంట నువ్వే చెయ్యత్తా, నీ వంట లేకుంటే నాకెట్ల? ఏం వండల్లో మాత్రం నన్నడుగు. రోజుకొక పూట నేను కూచోని చేస్తా. కోసి పెట్టేది నువ్వు."

వెంకటసాయి దుకాణంలోంచి ఎత్తు స్టూలు ఒకటి తెచ్చి వంటగదిలో పొయ్యి పక్కన వేశాడు. మొదట్లో ఇద్దరికీ సర్దుకోవడం కష్టమైంది. వాసవి తాలింపు వేసేటప్పుడు రమణమ్మ చెయ్యి తనంతట తానే గరిటె మీదికి పోయేది. ఆదివారం వాసవి బొరుగుల ఉగ్గాని, బజ్జీలు చేద్దామంటే, "బజ్జీలా?" అని ఆమె కళ్ళు పెద్దవయ్యేవి. "రెండే అత్తా" అనేది వాసవి. మధ్యాహ్నాలు కిటికీకి తడి గుడ్డ కట్టి, మెడకు తడి టవలు చుట్టుకుని పడుకునేది. కోడలికి అన్నీ ఒప్పుకున్నప్పుడు తనకూ మూడో గరిటె రావాలని శేషాద్రి వాదన పెట్టుకున్నాడు గానీ, అది మాత్రం నెగ్గలేదు. దీపావళి నాటికి నాలుగు కిలోలు తిరిగొచ్చాయి. జబ్బు చేసినప్పటి నుంచి సెలవులో ఉన్న వాసవి కార్తీకమాసంలో ఒంటిపూట స్కూలుకు వెళ్ళడం మొదలుపెట్టింది.

మళ్ళీ మాఘమాసం రాకముందే, సంక్రాంతి సెలవులు ముగిసిన మూడో రోజు, తరగతిలో వాసవి చేతిలోంచి చాక్‌పీసు జారి పడింది. వంగి తీయబోతే వేళ్ళు ముడవలేదు. మర్నాటికి కుడిచెయ్యి మోచేతి దాకా మొద్దుబారిపోయింది. తిరుపతిలో చేర్చుకుని, ఐదు రోజుల స్టెరాయిడ్ మళ్ళీ మొదలుపెట్టారు.

వార్డు బయట బెంచీ మీద కూర్చున్న రమణమ్మ వద్దు వద్దనుకుంటూనే లెక్క పెట్టుకుంది. మొన్న వంకాయ కూర. అటు మొన్న పులిహోర, అందులో వేయించిన చెనిక్కాయలు. ఆదివారం బజ్జీలు, రెండు కాదు, మూడు. లోపలికి వెళ్ళి మంచం పక్కన నిలబడింది.

"నేను ఏమన్నా తప్పు పెట్టినానా మే?"

వాసవి, చేతికి గుచ్చిన సూదిని కదిలించకుండా అటు నుంచి ఇటు తిరిగింది. "లేదత్తా. నువ్వు పెట్టిన దేని వల్లా కాదు. డాక్టరు గూడా అదే చెప్పినాడు. మందేసుకుంటాన్నా ఒక్కొక్కతూరి ఇట్ల వస్తాదంట. ఈతూరి తొందరగా చూసుకున్న్యాం, తగ్గుతాది."

ఆ మాటకు రమణమ్మ ఊరట పడాల్సింది. గుండెల మీద బరువు దిగిన మాట నిజమే గానీ, దాని వెంటే ఇంకేదో భయం వచ్చి కూర్చుంది. తప్పు తన వంటలో ఉన్నన్నాళ్ళూ దిద్దుకునే వీలు తన చేతిలో ఉంది. ఇప్పుడు ఆ వీలు లేదు. పిల్లకు ఏమవుతుందో తను ఏ గరిటెతోనూ కొలవలేదు. ఆమె చాలాసేపు కోడలి తల నిమురుతూ ఉండిపోయింది.

మధ్యాహ్నం తిరుపతిలోనే ఉన్న చుట్టాలింట్లో వండి తెచ్చిన అన్నం, ఆకుకూర పప్పు, చారు కంచంలో పెట్టి బల్ల మీద ఉంచింది. వాసవి లేచి కూర్చుని, కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేత్తో చెంచా అందుకుంది. ఎడమచేత్తో ముద్ద ఎత్తాడని వెంకటసాయిని చిన్నప్పుడు ఎన్నిసార్లు కొట్టిందో రమణమ్మకు లెక్క లేదు. మొన్నమొన్నటి దాకా సాయిశ్రీ చేతిమీద కూడా ఒకటేసేది. ఇప్పుడు ఆ మాట నోటిదాకా రానేలేదు. చెంచా వంకర పోయింది. మెతుకులు బల్ల మీద రాలాయి. రెండోసారి నోటి దాకా వచ్చి ఒలికింది. రమణమ్మ చెయ్యి ముద్ద కలపడానికి ముందుకు చాచింది.

"నేను తింటా అత్తా" అంది వాసవి. "కంచం జరిగిపోతాంది. అది పట్టుకో, చాలు."

రమణమ్మ స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది. రెండు చేతులతో కంచం అంచులు గట్టిగా పట్టుకుంది. వాసవి పప్పన్నం కొంచెం కొంచెంగా చెంచాతో తీసుకుంటూ, ఒలికినప్పుడు ఆగి తుడుచుకుంటూ తింటోంది. అరగంట దాటింది. చారు చల్లారిపోయింది. వేడి చేసి తెస్తానని రమణమ్మ అనలేదు. తను లేస్తే కంచం జరుగుతుంది.